కాసుల మీద దొరసాని

మా జేజికి ఒక కాసులపేరు ఉండేదట. నేను పుట్టేసరికే అది లేదు. అందులో ఎన్ని కాసులుండేవో అడిగితే ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్పేది గానీ, వాటి మీది బొమ్మ గురించి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "ఎవురో దొరసాని మే. కొప్పు పెట్టుకోని, మొగం పక్కకు తిప్పుకోని ఉంటాండె" అనేది. అవి విక్టోరియా రాణి బొమ్మ ఉన్న సవరన్లు అయివుంటాయని చాలా ఏళ్ల తర్వాత నాకు తట్టింది.

ఆ కాసులపేరును జేజి తన పుట్టినూళ్లో గుడికిచ్చింది. పులివెందుల వైపు చిన్న ఊరు, పేరు అక్కర్లేదు. గుడి ముందర మండపం కట్టడానికి డబ్బు చాలకపోతే మెడలోంచి తీసి ఇచ్చేసిందట. మండపం లేచింది. గోడకు నల్లరాతి పలక పెట్టారు. నేను మూడో తరగతిలో ఉండగా, అంటే 1996 ప్రాంతంలో, జాతరకు పోయినప్పుడు జేజి నన్ను ఆ పలక ముందు నిలబెట్టింది. "నా పేరు యాడుందో సూడు మే" అంది. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మా జేజినాయన పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. తర్వాత 'ధర్మపత్నీ సమేతముగా' అని ఉంది. అంతే. ఆయన ఆ ఊరికి అల్లుడు మాత్రమే. ఊరూ ఆమెది, సొమ్మూ ఆమెది.

నేను అబద్ధం చెప్పాను. 'ధర్మపత్నీ' అన్న అక్షరాల మీద వేలు పెట్టి "ఇదే జేజీ నీ పేరు" అన్నాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. జాలితోనా, ఆమె బాధపడితే జాతరలో బొమ్మలు కొనివ్వదన్న భయంతోనా? ఆ తర్వాత ఎప్పుడు ఆ గుడికి వెళ్లినా జేజి ముందు ఆ అక్షరాలను తడిమి, ఆ చేతిని కళ్లకద్దుకుని గానీ లోపలికి పోయేది కాదు. 2009లో పోయింది. నేను నిజం చెప్పలేదు.

ఇది శిలాశాసనాల మీద వ్యాసం. అయినా ఎక్కడ మొదలుపెట్టాలన్నా ముందు ఆ నల్లరాయే వచ్చి నిలబడుతోంది.

*

మాది తుమ్మలపల్లె. ఊరి పేరు చెబితే ఇప్పుడు ఎవరైనా యురేనియమేనా అంటారు. భూమి పైన ఏముందో అడిగేవాళ్లు తక్కువ. అరటి తోటలున్నాయి, చీనీ చెట్లున్నాయి, మా అమ్మ ఉంది. నేలకింద ఏముందన్న దాన్ని బట్టి ఊరికి పేరు రావడం నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం నా పరిశోధన. ఆరేళ్లపాటు నేను బతికింది నీళ్లకింద ఉన్న ఒక నగరంతో.

విజయపురి అంటే చాలామందికి వెంటనే తెలియకపోవచ్చు, నాగార్జునకొండ అంటే తెలుస్తుంది. పల్నాడులో, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న లోయ. శాతవాహనులు బలహీనపడ్డాక, మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకులు అక్కడి నుంచి పరిపాలించారు. నాలుగు తరాలు, సుమారు వందేళ్లు. 1926లో శాసన పరిశోధకుడు ఏ. రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను లోకానికి తెలియజేశాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేయడంతో లోయకు గడువు పెట్టినట్టయింది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో, నీళ్లు రాకముందే లోయంతా తవ్వేశారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, గుళ్లు, కోట, స్నానఘట్టాలు, ఇళ్లు బయటపడ్డాయి. ముఖ్యమైన కొన్నింటిని విప్పి కొండమీదికి మోసి మళ్లీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. మరికొన్నింటిని కుడిగట్టున అనుపు దగ్గర నిలబెట్టారు.

ఈ లోయను తరచుగా రోముతో పోలుస్తారు. కారణం అనుపులో ఉన్న ఆ రంగస్థలం. నాలుగు వైపులా మెట్లు, నడుమ ఆటస్థలం. గైడు "రోమన్ స్టేడియం అండీ" అంటాడు, చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినిపిస్తాడు. కళాశాల పిల్లలు మెట్ల మీద నుంచి అరిచి ఆనందిస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అరిచాను. తర్వాత కొలతలు చూశాను. నడుమ స్థలం సుమారు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల లోపు వెడల్పు. పెద్ద మండువా ఇంటి వాకిలంత. పాంపే నగరంలో క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టిన ఆంఫీథియేటర్‌లో సుమారు 20 వేల మంది పట్టేవారు. అది కోడిగుడ్డు ఆకారం, ఇది నలుచదరం. అక్కడ మనుషులు మనుషుల్ని చంపుతుంటే చూశారు. ఇక్కడ ఏం చూశారన్నది ఊహే. దీనికి దగ్గర్లోనే హారీతి గుడి ఉండేది, పిల్లల్ని తిని తర్వాత పిల్లల్ని కాచే తల్లిగా మారిన యక్షిణి గుడి. ఆ తల్లి పండగలేవో ఇక్కడ జరిగివుంటే, వచ్చినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువేమో. మెట్లు కనిపించగానే రోము అనడంలో, మనకు ఘనత బయటి నుంచి వస్తేనే ఘనత అన్న పాత జబ్బు కూడా కొంత ఉందనుకుంటాను.

రోము అక్కడికి రాలేదని కాదు. వచ్చింది, మరో దారిలో.

*

విజయపురి తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఒకటి తిబేరియస్ చక్రవర్తిది. మరొకటి ఫౌస్టీనాది. ఆ పేరు నివేదికలో మొదటిసారి చదివినప్పుడు నాకు జేజి మాట గుర్తొచ్చింది. కొప్పు పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని ఒక దొరసాని.

ఫౌస్టీనా చక్రవర్తి అంటోనినస్ పయస్ భార్య. క్రీ.శ. 140లో చనిపోయింది. భర్త ఆమెను దేవతను చేశాడు, గుడి కట్టించాడు, ఆమె పేరుతో పేద ఆడపిల్లల కోసం నిధి పెట్టాడు, ఏళ్ల తరబడి ఆమె ముఖంతో నాణేలు పోయించాడు. బతికున్నప్పుడు ఆమె ఏం మాట్లాడిందో, ఏం కోరుకుందో మనకు అందలేదు. ముఖం మాత్రం సముద్రాలు దాటి కృష్ణ ఒడ్డుకు చేరింది. ఆ నాణెం పోతపోసిన కాలానికీ ఇక్ష్వాకుల రాజ్యం మొదలైన కాలానికీ మధ్య ఎనభై ఏళ్ల దాకా ఉంది. ఎవరి చేతుల్లో, ఎవరి మెడల్లో తిరిగిందో! మన దేశంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి దారం గుచ్చుకోడానికి చిల్లులున్నాయి. బంగారం కొనలేనివాళ్లు ఆ నాణేలను మట్టితో అచ్చుపోయించి వేసుకున్నారు. కొండాపురం తవ్వకాల్లో తిబేరియస్ ముఖంతో అలాంటి మట్టి బిళ్లలు దొరికాయి. కాసులపేరు మన ఆడవాళ్ల మెడలో ఎంత పాతదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎదురుదారిలో వెళ్లిన బొమ్మ కూడా ఒకటుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కూరుకుపోయిన పాంపేలో, 1938లో, ఒక ఇంట్లో దంతపు బొమ్మ దొరికింది. జానెడు కన్నా కొంచెం ఎత్తు. ఒంటినిండా నగలు, కాళ్లకు వరస కడియాలు, చెరోపక్కా అలంకార సామగ్రి పట్టుకున్న చిన్న పరిచారికలు. మన దేశపు పని అన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. మొదట లక్ష్మి అన్నారు, తర్వాత యక్షిణి అన్నారు. దక్కనులో తేర్, భోకర్‌దన్‌లలో ఇలాంటివే దొరికాయి. తలమీద రంధ్రం ఉంది. ఏ చిన్న బల్లకో కోడుగానో, అద్దానికి పిడిగానో వాడివుంటారట. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. మన యక్షిణి వాళ్లింట్లో సామానుకు పిడి అయింది. వాళ్ల రాణి మనింట్లో నగలో పూస అయింది. ప్రాచీన వాణిజ్యం గురించి రాసేవాళ్లు దీన్ని నాగరికతల కలయిక అంటారు. కలిసినవి రెండు ఆడ బొమ్మలు. మాట్లాడుకున్నవాళ్లు మాత్రం వర్తకులు.

ఈ వ్యాపారం మీద అప్పట్లోనే రోములో ఒకాయన లెక్కలు వేసి గుండెలు బాదుకున్నాడు. ప్లినీ. ఇండియా, చైనా, అరేబియాలు కలిసి ఏటా 10 కోట్ల సెస్టర్సులు తమ సామ్రాజ్యం నుంచి లాగేస్తున్నాయని, తమ విలాసాలూ తమ ఆడవాళ్లూ అంత ఖరీదు పడుతున్నారని రాశాడు. మిరియాలు తిన్నదీ, ఓడలు నడిపి లాభాలు తీసిందీ, దిగుమతి సుంకం వసూలు చేసిందీ మగవాళ్లే. తప్పు మాత్రం ముత్యాలు పెట్టుకున్న చెవులది. బంగారం ధర పెరిగినప్పుడల్లా మన పత్రికల్లో 'మగువల మోజు' అంటూ శీర్షికలు పెట్టే ఉపసంపాదకులకు ఈయన ఆదిపురుషుడు. పాంపేను మింగిన వెసూవియస్ ఆయన్నీ తీసుకుపోయింది. దానికి నేను సంతోషించడం లేదు గానీ గుర్తుచేయకుండా ఉండలేను.

ఆ బంగారం ఇక్కడికి వచ్చింది దేనికోసం? మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం 'పెరిప్లస్' మన కృష్ణా తీరాన్ని మసాలియా అంటుంది. అక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. సన్నబట్టకు సన్ననూలు కావాలి. ఆ నూలు వడికిందెవరు? రాట్నం ఇంకా రాని కాలం. కదురు చేత్తో తిప్పుతూ వడకాలి. ఒక ధోవతికి ఎన్ని రోజులు, ఎన్ని వేళ్లు? ఒక్క పేరూ మనకు లేదు.

పాంపేలో ఉన్నాయి. ఒక ఇంటి గోడ మీద, ఏ రోజు ఎవరికి ఎంత ఉన్ని తూచి ఇచ్చారో గీకి పెట్టిన లెక్క ఉంది. వితాలిస్, అమరిల్లిస్, జానువారియా, లాలగే, దామాలిస్, డోరిస్. అందరూ ఆడవాళ్లే, బానిసలై ఉంటారు. వాళ్లను గౌరవించడానికి ఎవరూ ఆ పేర్లు రాయలేదు. పని ఎగ్గొట్టకుండా రాశారు. కూలి పద్దు అది. అయినా నాకు ఆ గోడంటే అసూయ.

*

నా సిద్ధాంతగ్రంథం ఇక్ష్వాకుల కాలపు స్త్రీల దానశాసనాల మీద. సాహిత్యశాఖలో శాసనాలేమిటని చాలామంది అడిగారు. ప్రాకృతంలో ఉన్నా సరే, మన నేలమీద ఆడవాళ్ల తరపున రాసిన తొలి వచనాల్లో ఇవి ముఖ్యమైనవని నా వాదన. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. అయితే ఆ గ్రంథంలో నేను రాసిన ఉత్సాహమంతటి మీదా ఇప్పుడు నిలబడలేను.

ఉత్సాహానికి కారణాలున్నాయి. నాగార్జునకొండ మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు. వాటి మీద దాతలుగా కనిపించేవాళ్లు దాదాపు అందరూ రాచకుటుంబపు స్త్రీలు. రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి, పాఠ్యపుస్తకాల శాంతిశ్రీ, బౌద్ధానికి రాతి స్తంభాలు ఎత్తించింది. ఆయన కోడలు రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు బిడ్డ. ఆమె ఒక స్తంభంతో పాటు 170 'దినారి మాసకాలు' ఇచ్చింది. ఆ దినారి, రోమువాళ్ల డెనారియస్ అనే మాటే. అంత దూరం నుంచి కోడలుగా వచ్చిన పిల్ల, అంతకన్నా దూరం నుంచి వచ్చిన మాటతో తన దానాన్ని లెక్కపెట్టింది. ఈ వాక్యం రాసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

2018లో మౌఖిక పరీక్షలో ఒక సీనియర్ ప్రొఫెసరమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగారు. "ఈ సొమ్ము వీళ్లకు ఎక్కడిది?" స్త్రీధనం అని మొదలుపెట్టాను. "అది ధర్మశాస్త్రం చెప్పే మాట. ఈ రాళ్లు ఏం చెబుతున్నాయి?" అన్నారు. రాళ్లు ఏమీ చెప్పడం లేదు. పన్నుల సొమ్మో, పుట్టింటి భూములో, యుద్ధాల దోపిడీయో. నేను 'స్త్రీల ఆర్థిక స్వాతంత్ర్యం' అని ఒక అధ్యాయానికి పేరు పెట్టుకుని కూర్చున్నాను. పట్టా ఇచ్చారు. ఆ అధ్యాయాన్ని ఇంతవరకు ఎక్కడా అచ్చుకివ్వలేదు.

మళ్లీ చదివాను. ఈసారి పేర్లు ఎలా రాశారన్నది చూశాను. చాంతిసిరి ఎవరు? రాజుకు తోడబుట్టింది, పూకీయుల మహాతలవరుడైన ఖందసిరి భార్య, ఖందసాగరుడి తల్లి. ఇవన్నీ అయ్యాక ఆమె పేరు. ఒక శాసనంలో ఆమె తన జామాత వీరపురుషదత్తుడి ఆయుష్షు కోసం, విజయం కోసం దానమిస్తుంది. అంటే మేనల్లుడే అల్లుడని కొందరు చరిత్రకారులు అర్థం చేసుకున్నారు, కాదని మరికొందరు. అదెలా ఉన్నా, వీరపురుషదత్తుడు మరో మేనత్త హమ్మసిరి కూతుళ్లిద్దరినీ చేసుకున్నాడన్నది స్పష్టం. మేనరికం గురించి ఇతర ప్రాంతాల పరిశోధకులు పేజీలకు పేజీలు వివరణ రాస్తారు. మనకు వివరణ అక్కర్లేదు. సొమ్ము, భూమి, పిల్ల, మూడూ ఇల్లు దాటకుండా చూసుకునే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు లోపల ఉన్న స్త్రీ చేయి ఎత్తి ఇవ్వగలిగిందంటే, ఆ చేతికి ఎంత మేర స్వేచ్ఛ ఉందో మేనరికం చేసుకున్న మా అమ్మ నాకన్నా బాగా చెప్పగలదు.

ఆ రాజుల పేర్లు కూడా చూడండి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. తల్లి పేరు ముందు పెట్టుకున్నారని మనం మురిసిపోతాం. వాసిష్ఠి అంటే వసిష్ఠ గోత్రపు ఆడపిల్ల అని. అది ఆమె పేరు కాదు, ఆమె తండ్రి గోత్రం. రోములోనూ అంతే. ఆడపిల్లకు విడిగా పేరు ఉండేది కాదు, తండ్రి వంశనామాన్నే స్త్రీలింగం చేసి పిలిచేవారు. పాంపే నగరపు ప్రధాన కూడలిలో అతిపెద్ద కట్టడాల్లో ఒకటి కట్టించిన యుమాకియా, లూసియస్ యుమాకియస్ కూతురు. అక్కచెల్లెళ్లుంటే వాళ్లూ యుమాకియాలే.

అయినా యుమాకియా రాయించిన మాట ఒకటి నన్ను పట్టుకుంది. ఆమె నగర దేవాలయ పూజారిణి. ఆ కట్టడాన్ని తన పేరునా, తన కొడుకు పేరునా, తన సొంత డబ్బుతో కట్టించి అంకితమిచ్చినట్టు పెద్ద అక్షరాల్లో రెండుచోట్ల చెక్కించింది. కొడుక్కి రాజకీయాల్లో దారి వేయడానికే అంటారు. కావచ్చు. ముందు తన పేరు వేసుకుంది కదా. బట్టలు ఉతికి తెల్లజేసే వృత్తివాళ్లు ఆమెకు విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం తలమీద ముసుగుతో, కళ్లు దించుకుని ఉంటుంది. వినయం అని కళాచరిత్రకారులు రాశారు. సొంతపేరుతో అంత కట్టడం కట్టించినామెను కూడా తల దించుకునే నిలబెట్టాలి కాబోలు.

*

వీళ్లందరిలో నాకు దగ్గరైంది బోధిసిరి. రాణి కాదు. బుధిన్నకుడనే అతని భార్య, గోవగామమనే ఊరి నుంచి వచ్చిన ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట ఆమె చుళధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ శాసనం స్తంభం మీద కాదు, గుడి నేలరాతి మీద ఉంది. పల్నాటివాళ్లు ఆ గుట్టను నహరాళ్లబోడు అనేవారు. 1929-30 ప్రాంతంలో వోగెల్ దాన్ని 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించాడు.

చాలా పొడవైన శాసనం. అందులో భిక్షువులు ధర్మం బోధించిన దేశాల వరస ఉంది, కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశంతో సహా. పుణ్యంలో వాటా ఇస్తున్న చుట్టాల జాబితా ఉంది. ఆ తర్వాత ఆమె ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో వరసగా చెబుతుంది. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం, కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం... ఈ కంటకసేల మన ఘంటసాల. టాలెమీ కూడా ఆ రేవు పేరు రాశాడు, రోము ఓడలు ఎరిగిన తీరం. ఇల్లాలి పద్దుపుస్తకంలా ఉంటుంది ఆ భాగం. నాకు అచ్చం అలాగే వినిపిస్తుంది. ఇది అక్కడ ఇచ్చాను, అది ఇక్కడ ఇచ్చాను, మరిచిపోతారేమో రాసుకోండి అన్నట్టు.

ఆ వరసలో ఒకచోట 'పుఫగిరి' ఉంది. అక్కడ రాతి మండపం కట్టించానంటుంది. పుష్పగిరి! పెన్న ఒడ్డున, కడపకు దగ్గర్లో ఉన్న పుష్పగిరి మా చిన్నతనంలో మేం ఎద్దులబండిలో పోయిన ఊరు. ఇసకలో కాళ్లు కాలుతుంటే జేజి తన చెంగు నా తలమీద వేసి నడిపించిన ఊరు. ఆ పేరు కనిపించిన రోజు లైబ్రరీలో పుస్తకం మూసి బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. తర్వాత వెనక్కి తగ్గాల్సి వచ్చింది. కొందరు పరిశోధకులు దాన్ని మా పుష్పగిరి అన్నారు, ఒడిశాలో మరో పుష్పగిరి ఉందని మరికొందరు అన్నారు. నా దగ్గర తేల్చే ఆధారం లేదు. నా జిల్లా కాబట్టి నాదే కావాలన్న ఆశ తప్ప. ఆ ఆశ పరిశోధనకు పనికిరాదు, వ్యాసానికి పనికొస్తుందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

శాసనం చివర్లో పని చూసుకున్న ముగ్గురు భిక్షువుల పేర్లున్నాయి. వాళ్ల తర్వాత, ఇది శిల్పి విధికుడి పని అని ఉంది. రాయి చెక్కినవాడి పేరు. బోధిసిరి చెప్పి రాయించిందో, అతనే చివర్న చెక్కుకున్నాడో. మా ఊరి నల్లపలక చెక్కినాయన అలాంటి పని చేయలేదు. జేజి పేరూ లేదు, ఆయన పేరూ లేదు.

*

2016లో మాచర్ల దగ్గర ఒక ముసలామెను కలిశాను. పదేళ్ల పిల్లగా లోయ తవ్వకాల్లో మట్టి మోసింది. వాళ్ల ఊరు లోయలోనే ఉండేది.

"ఏం దొరికేవి అవ్వా?" అని అడిగాను.

"బొమ్మల రాళ్లమ్మాయ్. అయి మగాళ్లు మోసేవాళ్లు, జాగర్తగా. మాకు తట్ట మీద తట్ట మట్టే."

"చూడనిచ్చేవాళ్లా?"

"చూస్తా నిలబడితే కూలేం గిట్టిద్ది?" అని నవ్వింది. కాసేపాగి, "రాళ్ల ఊరేమో కొండెక్కింది. మా ఊరు మునిగింది" అంది. ఫిర్యాదులా అనలేదు. వాన పడింది అన్నట్టే అంది.

ఆమె మాట నా గ్రంథంలో లేదు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. 'క్షేత్ర పరిశీలన' కింద ఒక వాక్యం రాసి కొట్టేశాను. అప్పుడు నాకు చాంతిసిరి, రుద్రధర ముఖ్యం. 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు మా జమ్మలమడుగు వైపు తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. టీవీలో చూశాను. ఒకామె గడప ఊడబెరికించి ట్రాక్టరులో ఎక్కిస్తోంది, గడపకు పసుపు ఇంకా ఉంది. మాచర్ల అవ్వ మాట ఎక్కడ పెట్టాలో ఆ రోజు తెలిసింది గానీ, నోట్సు వెతికితే ఆమె పేరు రాసుకోలేదని తేలింది. 'వృద్ధురాలు, మాచర్ల' అని ఉంది, అంతే. ఆడవాళ్ల పేర్లు ఎవరు మింగేశారని మూడువందల పేజీలు రాసినదాన్ని.

*

ఈ సంక్రాంతికి తుమ్మలపల్లె వచ్చినప్పుడు జేజి పుట్టినూరికి వెళ్లాను. మండపానికి కొత్త రంగులు వేశారు. నల్లపలక అక్కడే ఉంది. అక్షరాల్లో పసుపురంగు నింపారు, జేజినాయన పేరు మెరుస్తోంది. 'ధర్మపత్నీ' దగ్గర వేలుపెట్టి చూశాను. చల్లగా ఉంది, అంతే. ఆమె పేరు ఇక్కడ రాయవచ్చు. రాయడం లేదు. ఆమె అడిగింది రాతి మీద.

రాత్రి అమ్మ శనక్కాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మొదటిసారి చెప్పాను, మూడో తరగతిలో చేసిన పని. అమ్మ చేయి ఆపలేదు.

"ఆయమ్మకు తెలీదనుకుంటివా?" అంది. "రేషన్ కార్డులో తన పేరు యాడుందో వేలుపెట్టి సూపిస్తాండె గదా. సదువు రాకపోయినా ఆ మూడచ్చరాలు గుర్తుపట్టేది. రాతి మీద అవి లేవని నీకన్నా ముందే ఆయమ్మకు తెలుసు."

"మరి నన్నెందుకు అడిగింది? ఆ అక్షరాలకెందుకు మొక్కేది?"

"నాకేం ఎరుక. నువ్వే గదా పెద్ద సదువులు సదివింది" అని, ఒలిచిన గింజలు చాటలోకి తీసుకుని చెరగడానికి లేచింది.